ఈతకల్లు: నాటి పేరు, నేటి తీరు

పేరేసంద్ర బెంగుళూరునుండి హైదరాబాదునకు పోవు రాజమార్గము ప్రక్కన, చిక్కబళ్ళాపురమునకును బాగేపల్లికిని నడుమనున్న ఊరు. ఇచ్చట కచేరిలో కన్నడము, ఇంటిలోను సంతలోను తెలుగు. మార్గశిర పుష్యమాసములు వచ్చి చలి ముదిరినచో, రచ్చకట్టపై కూర్చున్న పెద్దల నడుమ ఒక వివాదము ఏటేట పుట్టుచుండును. సరిహద్దున కావల గోరంట్ల, చిలమత్తూరు ప్రాంతములలోని బంధువుల యిండ్లకు పోయి వచ్చినవారు, అచ్చట త్రాగిన ఈతకల్లును గూర్చి తీర్పు చెప్పుదురు. "పేరు మిగిలినది గాని రుచి పోయినది" అని ఒకరందురు. "కల్లు మారలేదన్నా, నీ నాలుక మారినది" అని వేరొకరు బదులు చెప్పుదురు. ఇరువురును ఏబది యేండ్ల క్రిందటి రుచినే ప్రమాణముగా చూపుదురు. ఆ రుచిని సాక్ష్యమిచ్చుటకు పిలువ వీలులేదు గాన వివాదము తెగదు.

ఇది పనిలేనివారి మాటయని త్రోసివేయవచ్చును. కాని మన జనుల తిండి, త్రాగుడు, వేడుకలు చరిత్రకు తగిన వస్తువులేయని సురవరం ప్రతాపరెడ్డిగారు తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో నిరూపించిరి. 1949లో వెలువడిన ఆ గ్రంథమునకే 1955లో తెలుగున మొదటి సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ మార్గముననే ఈ చిన్న ప్రశ్నను విచారింతును. ఈతకల్లునకు పూర్వము వచ్చిన పేరు ఏ కారణములచే వచ్చినది? ఆ కారణములు నేడు ఉన్నవా? త్రాగుడును పొగడుటకు గాని త్రాగువారిని నిందించుటకు గాని ఈ వ్యాసము వ్రాయబడలేదు.

మొదట పదమును చూతము. కల్లు అను మాట తెలుగున, తమిళమున, కన్నడమున, మలయాళమున కొద్దిపాటి మార్పులతో కలదు. కావున ఇది ద్రావిడ భాషలు విడిపోవుటకు ముందునుండియు వచ్చుచున్న మాటయని చెప్పవచ్చును. కన్నడమున హెండ అను వేరొక మాటయు కలదు. పండ్రెండవ శతాబ్దిలో బసవేశ్వరుని కాలపు శరణులలో హెండద మారయ్య యను వచనకారుడొకడు కలడు. కల్లమ్ముట ఆయన వృత్తియని ఆ పేరే చెప్పుచున్నది. గీతపనివారిని మన సీమలో ఈడిగవారందురు. ఈ కులనామమునకు 'ఈడుచు' అను క్రియతో సంబంధము కలదని పలువురు చెప్పుదురు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథమునను వీరి ప్రసక్తి కలదు.

ఇక చెట్టు సంగతి. తాటికిని టెంకాయకును గెలను గీసి కల్లు తీయుదురు. ఈతచెట్టు పని వేరు. తలక్రింద ఒక ప్రక్కనున్న మట్టలను నరికి, లోపలి మెత్తని భాగము బయటపడునట్లు చెక్కి, అచ్చట గీతకత్తితో గాటు పెట్టి, రసము జారుటకు చిన్న గొట్టము అమర్చి, క్రింద కుండ కట్టుదురు. ఈ పని సాయంకాలము జరుగును. రాత్రియంతయు రసము చుక్కచుక్కగా దిగును. తెల్లవారకమునుపే గీతకాడు మోకు వేసికొని చెట్టెక్కి కుండను దింపును. కొన్ని దినములు గీచిన పిమ్మట గాయము ఆరుటకై చెట్టునకు విశ్రాంతి నీయవలెను. ఒక యేడు ఒక ప్రక్కను గీచినచో మరుసటి యేడు రెండవ ప్రక్కను గీయుట వాడుక. అందుచేత ముదుసలి ఈతచెట్టు మ్రాను మెట్లుమెట్లుగా వంకరలు తిరిగియుండును. ఆ గాట్లను లెక్కించినచో చెట్టు ఎన్ని యేండ్లు కల్లిచ్చినదో తెలియును. మన చెరువుకట్టల క్రింద ఇట్టి మ్రాకులు కొన్ని నేటికిని నిలిచియున్నవి. వ్రాతలు లేనిచోట అవియే శాసనములు.

చెట్టునుండి దిగు రసము మత్తునీయదు, తియ్యగా నుండును. అందు నూటికి పది పండ్రెండు పాళ్ళ వరకు చక్కెర యుండును. కుండలోపల సున్నము పూసినచో అది పులియక నీరాగా నిలుచును. సున్నము లేనిచో గాలిలోను కుండలోను ఉండు సూక్ష్మజీవులు వెంటనే పనికి పూనుకొనును. కొన్ని గంటలలో చక్కెర సారాయముగా మారి, నూటికి నాలుగు మొదలు ఆరు పాళ్ళ వరకు మత్తు కలుగును. ఒక దినము దాటినచో పులుపు ముదిరి కాడి యగును. కావున కల్లునకు ఒకే రుచి లేదు. తెల్లవారుజామున తీపు, ప్రొద్దెక్కిన పిమ్మట తీపుపులుపు, సాయంకాలమునకు పులుపు. ఒకే కుండను మూడు వేళల రుచి చూచిన ముగ్గురు మూడు తీర్పులు చెప్పినను ముగ్గురును సత్యవాదులే.

మన సీమకు పేరు వచ్చుటకు మూలము ఇచ్చటనే యున్నది. చిక్కబళ్ళాపుర ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. దాపుననున్న నందికొండ యెత్తు 1,478 మీటర్లు. శీతకాలపు రాత్రులందు ఇచ్చట చలి మిక్కుటము. చలిలో పులియుట మందగించును గాన తెల్లవారి దించిన కల్లున తీపు నిలిచియుండును. దానికితోడు చెట్టునకును త్రాగువానికిని నడుమ దూరము కొద్దిపాటిది. వంకగట్టున గీచినది ఆ ఊరిలోనే, ఆ ఉదయముననే ఖర్చగును. ఎవరి చెట్టు, ఎవరి కత్తి యనునది ఊరందరికిని తెలియును. నీరు కలిపినవాడు మరునాడు ఆ వీధిలోనే తలయెత్తుకొని నడువవలెను గదా! ఋతువు, వేళ, ఎరుక అను ఈ మూటివలననే ఆ పేరు నిలిచినది.

ఈ మూటిలో మొదట చెడినది మూడవది. కల్లు రాజ్యమునకు ఆదాయమార్గమైన పిమ్మట గీతకానికిని త్రాగువానికిని నడుమ గుత్తేదారు ప్రవేశించెను. మద్రాసు రాజధానిలో 1886 నాటి ఆబ్కారీ చట్టమువలన గీతపై అధికారము సర్కారుచేత కేంద్రీకృతమయ్యెను. చెట్టునకింతయని పన్ను, అంగడికింతయని వేలము ఏర్పడెను. వేలమున హెచ్చు పాడినవాడు ఆ సొమ్మును రాబట్టవలెను; చెట్టు మాత్రము హెచ్చుగా కారదు. కుండలో నీటికిని ఇతర వస్తువులకును చోటు దొరకుటకు ఈ లెక్కయే చాలును.

నిషేధముల చరిత్రయు చిన్నది కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివర మైసూరునేలిన టిప్పు సుల్తాను మద్యమును మాన్పింప యత్నించెను. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో నిషేధము పెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. 1948లో అది మద్రాసు రాష్ట్రమంతటికిని వర్తించెను. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ఈ చట్టము వారసత్వముగా సంక్రమించినది. దానిని ఎత్తివేయవలెనని రామమూర్తి సంఘము సూచించినను ప్రభుత్వము అట్లు చేయలేదు. గీతపనివారి పక్షమున గౌతు లచ్చన్నగారు నిలిచిరి. 1954 నవంబరులో ఈ విషయముననే వచ్చిన అవిశ్వాస తీర్మానమున టంగుటూరి ప్రకాశంగారి మంత్రివర్గము ఒక్క ఓటుతో పడిపోయెను. తెలుగువారి మొదటి రాష్ట్రమున మొదటి మంత్రివర్గము కల్లుకుండ తగిలి కూలినదనుట అతిశయోక్తి కాదు. పిమ్మట నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమ ఫలముగా 1993లో ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. 1995లో వచ్చిన మద్యనిషేధము 1997లో సడలింపబడినది.

కర్ణాటకమున 2007 జూలై 1 నుండి సారాయి నిషిద్ధమైనది. మన చిక్కబళ్ళాపురము కోలారునుండి విడివడి వేరు జిల్లా యైనదియు ఆ యేడే. కల్లు అంతకు కొన్ని యేండ్ల ముందే, దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాలు దక్క మిగిలిన రాష్ట్రమంతట మూతపడినది. కాబట్టి పేరేసంద్ర పెద్దలు నేడు తూచునది పేరేసంద్ర కల్లు కాదు. సరిహద్దు దాటిపోయి, ప్రొద్దెక్కిన పిమ్మట త్రాగిన కల్లు. తన యూరి తెల్లవారుజామును పొరుగూరి మధ్యాహ్నముతో పోల్చుట న్యాయమా?

కల్లే మారినదను వాదమునకును బలము లేకపోలేదు. పట్టణములకు కల్లు రాశులుగా కావలసివచ్చినచోట చెట్లు చాలక మందులతో కృత్రిమ కల్లు చేయు దురాచారము తెలంగాణమున ప్రబలినది. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మందులు అందు కలుపుదురు. 2015లో అధికారులు దానిని అరికట్టినపుడు, అలవాటుపడినవారు పిచ్చిచేష్టలతో ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. దీనిని కల్లు రుచి తగ్గుటయని చెప్పరాదు. ఇది కల్లే కాదు. పేరు మాత్రము కల్లుదే గాన అపకీర్తియు దానికే వచ్చినది.

చెట్టు సంగతియు తలపవలెను. ఈత వంకగట్టులను, చెరువుల అలుగులను, తేమగల పడావు భూములను ఆశ్రయించి పెరుగును. మన జిల్లాలో నదులు తక్కువ, చెరువులు ఎక్కువ. ఆ చెరువులు ఎండినవి. గొట్టపుబావులు వెయ్యి అడుగులు దాటినవి. పడావు భూములలో నీలగిరి తోటలు వెలసినవి. గీత లేనిచో ఈతచెట్టును కాపాడువాడును లేడు. ఇచ్చట నిషేధము తొలగినను, కుండ కట్టుటకు మ్రాకులెన్ని మిగిలినవో తొలుత లెక్కింపవలసియుండును.

ఈ వివాదము మన ఒక్కరిదే కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివర లండను దాపున బో అనుచోట హాడ్గ్‌సన్ యను సారాకారుడు శరత్కాలమున కాచిన బలమైన బీరు ఓడలపై హిందూదేశమునకు వచ్చుచుండెను. హాప్ పూవు చేదు దానిని చెడనీయక కాపాడెడిది. ఈ దేశపు పేరుననే అది ఇండియా పేల్ ఏల్ అని ప్రసిద్ధికెక్కినది. 1994లో కాలిఫోర్నియాలో దానికంటె బలమైన డబుల్ ఐపీఏ పుట్టినది. నేడు అందు కొన్ని ఏడాదికొక్క ఋతువున మాత్రమే అమ్మబడును. ప్రతి యేడును దానిని త్రాగువారు "మునుపటి పేరునకు ఈ యేటిది తగునా?" యని తర్కించుకొందురు. హాప్ పరిమళము వారములలో ఎగిరిపోవును గాన వారును తొలుత కాచిన దినమునే అడుగుదురు. పేరేసంద్ర తాత వేళను అడిగినట్లే! భేదమొక్కటి. ఇచ్చటికి గంటన్నర ప్రయాణములోనున్న బెంగుళూరులో అట్టి బీరును అంగడిలోనే కాచి అమ్ముటకు అనుమతి కలదు. ఈతచెట్టెక్కుట మాత్రము నేరము. ధనవంతుల పానమును రుచియని, బీదల పానమును వ్యసనమని పిలుచుట మన కాలపు విచిత్రమైన వాడుక.

తుదకు తీర్పు చెప్పవలసివచ్చినచో ఇట్లు చెప్పుదును. రుచి పోయినదన్న పెద్దయు, నాలుక మారినదన్న పెద్దయు చెరిసగము నిజము పలికిరి. శీతకాలపు వేకువను, ఎరిగిన చెట్టుక్రింద, ఎరిగిన చేతినుండి అందుకొన్న కల్లు నేడును పేరునకు తగియే యుండును. చెట్టు తన ధర్మమును మానలేదు. ఋతువును, వేళను, ఎరుకను పోగొట్టుకొన్న కల్లునకు ఆ పేరు చెల్లదు. త్రాగుడువలన చెడిన కుటుంబములను ప్రతి ఊరును ఎరుగును. దూబగుంట స్త్రీల కన్నీరు అబద్ధము కాదు. నిషేధము ఉండవలెనా, పోవలెనా యని పాలకులు నిర్ణయింతురుగాక. చరిత్రకారుని పని వేరు. ఆ కత్తి పట్టు, ఆ మోకు ముడి, గాయము ఆరుటకై చెట్టునకు ఇచ్చు విశ్రాంతి దినముల లెక్క ఎరిగిన ఈడిగ వృద్ధులు మన సీమలో నానాటికి తగ్గిపోవుచున్నారు. ఆ పనిలోని మాటలన్నియు తెలుగు మాటలే. వారు చెప్పగలిగియున్నపుడే వాటిని వ్రాసికొనినచో, కల్లు త్రాగనివానికిని ఆ వేకువ కొంత తెలియును.