ఆఖరి నెల చరిత్ర

ఈ దేశంలో ఇద్దరు తెలుగు డాక్టర్లు ఏ పెళ్ళిలోనో, ఏ ఉగాది సంబరాల్లోనో కలుసుకుంటే మాటలు ఎక్కడ మొదలైనా చివరికి "మీది ఏ కాలేజీ? ఏ బ్యాచ్? ర్యాంకు ఎంత?" అన్న చోటికి చేరతాయి. ముప్ఫై ఏళ్ళు గడిచినా ఎంసెట్ ర్యాంకు మాత్రం ఇంటిపేరులా మనిషిని అంటిపెట్టుకునే ఉంటుంది. ర్యాంకు వచ్చినవాళ్ళ చరిత్ర అలా నోటి మాటగానైనా బతుకుతోంది. రాని వాళ్ళ చరిత్ర ఎవరూ చెప్పుకోరు. పరీక్ష ఇంకా నెలో, నలభై రోజులో ఉందనగా మార్కులు అడుగున ఉండిపోయిన పిల్లలు ఏం చేశారు, వాళ్ళ చేత ఎవరు ఏం చేయించారు అన్నది మన విద్యా చరిత్రలో ఒక అధ్యాయమే. ఆ వరసలో నిలబడ్డవాణ్ణి కనుక నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందు సీట్ల సంగతి చెప్పుకోవాలి. హైదరాబాదులో 1846లో మొదలైన వైద్య పాఠశాల తర్వాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లో, గుంటూరుది 1946లో, హైదరాబాదు గాంధీది 1954లో మొదలయ్యాయి. కర్నూలు 1957, కాకినాడ 1958, వరంగల్ 1959, తిరుపతి 1960. ఆ ఎనిమిది కళాశాలల నుంచే మనకంటే ముందు తరం డాక్టర్లు వచ్చారు. అమెరికాలో 1965 వలస చట్టం తలుపు తీశాక ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ పెద్దల్లో చాలామంది ఆ ఎనిమిదింటిలో ఏదో ఒకదాని పేరు చెబుతారు.

సీట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ అయినప్పుడు ఎవరికి ఇవ్వాలన్నది మొదటినుంచీ తగాదాయే. హెచ్.ఎస్.సి. చదివినవాళ్ళు కొందరు, పి.యు.సి. చదివినవాళ్ళు మరికొందరు. వేరువేరు చోట్ల, వేరువేరు పరీక్షల్లో వచ్చిన మార్కుల్ని ఒకే తక్కెడలో ఎలా తూస్తారు? అందుకని 1970-71లో ప్రభుత్వం ఎం.బి.బి.ఎస్.కి ప్రవేశ పరీక్ష పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1972లో బలరాం కేసులో న్యాయస్థానం ప్రవేశ పరీక్ష పెట్టుకోవచ్చని తేల్చింది. ఆ తర్వాత ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం, 371-డి అధికరణం, 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధుల్ని మూడు స్థానిక ప్రాంతాలుగా చేసి, నూటికి 85 సీట్లు స్థానికులకే అన్నారు. కాబట్టి మన రాష్ట్రంలో మెడికల్ సీటు అన్నది ఏనాడూ ఒక్క చదువు వ్యవహారమే కాదు. ఊరూ, కులమూ, కోర్టూ, ఉద్యమమూ అన్నీ అందులో ఉన్నాయి.

1983లో కాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం వచ్చింది. 1986లో ఇంజనీరింగుకీ, వ్యవసాయానికీ, వైద్యానికీ కలిపి ఉమ్మడి ప్రవేశ పరీక్ష మొదలైంది. మూడు ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలు అతికించి ఎంసెట్ అన్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ మాట మా పల్లెటూళ్ళలో చదువురాని వాళ్ళ నోట కూడా తిరిగేది. "మీవాడు ఎంసెట్టా?" అని అడిగేవారు, అదేదో ఉద్యోగం అయినట్టు.

నేను ఆ పరీక్ష రాసింది 1989లో. బైపీసీ. 200 ప్రశ్నలు, మూడు గంటలు. అంటే ప్రశ్నకి 54 సెకన్లు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిపి 100, భౌతికశాస్త్రం 50, రసాయనశాస్త్రం 50. తప్పు రాస్తే పోయేదేమీ లేదు, మైనస్ మార్కులు లేవు. మేం చదివింది తెలుగు అకాడమీ పుస్తకాలు. పరీక్షకి నలభై రోజుల ముందు, గుంటూరులో నేను చేరిన కోచింగ్ సెంటర్లో పెట్టిన నమూనా పరీక్షలో నాకు 200కి 92 వచ్చాయి. మా సెక్షన్లో అది అడుగు నుంచి లెక్కపెడితే త్వరగా దొరికే అంకె.

అప్పుడు మాకు జరిగిన వైద్యం ఏమిటంటే, సెక్షను మార్చారు. బాగా చదివేవాళ్ళకి మంచి మేష్టర్లు, మాకు బిట్లు. రోజుకి 400 బిట్లు చదవడం, సాయంత్రం అవే అప్పజెప్పడం. ఆ కేంద్రం లెక్క తేలికైనదే. పేపర్లో ఫొటో పడే అవకాశం ఉన్నవాడి మీద ఖర్చుపెట్టాలి, మిగిలినవాడి చేత ఫీజు కట్టించాలి. నలభై మందిమి ఉన్న ఆ గదిలో పాఠం చెప్పడానికి చివరి నెలలో ఎవరూ రాలేదు. మేమే జంతువుల వర్గీకరణ పట్టికలు గోడలకి అంటించుకున్నాం. అమీబా నుంచి క్షీరదాల దాకా గోడంతా నిండింది. రాత్రి రెండింటిదాకా చదివి, పొద్దున్న ఐదింటికి లేచేవాళ్ళం. ఒకడు నిద్ర రాకుండా కాళ్ళు నీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చునేవాడు.

ఆ నలభై రోజుల్లో నా మార్కులు పెరిగాయి. బాగానే పెరిగాయి. కానీ మెడికల్ సీటుకి చాలలేదు. అయితే ఎంసెట్ పేరులో మధ్యనున్న 'ఏ' అనే అక్షరం ఒకటుంది. వ్యవసాయం. అదే పరీక్ష, అదే ర్యాంకుల పట్టిక. నాకు బాపట్ల వ్యవసాయ కళాశాలలో సీటు వచ్చింది. అది 1945లో పెట్టిన కళాశాల. మా నాన్నగారు నెలరోజులు ఎవరికీ చెప్పలేదు. నేను ఈ దేశంలో పాతికేళ్ళుగా మట్టి పరీక్షలు చేసి బతుకుతున్నది ఆ సీటు పుణ్యమే.

మా తర్వాత పరిస్థితి ఇంకా బిగుసుకుంది. 1990లలో రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు విజయవాడ, గుంటూరు, నెల్లూరు, హైదరాబాదుల్లో పెరిగిపోయాయి. ఇంటర్మీడియట్ అనేది ఎంసెట్‌కి రెండేళ్ళ కోచింగ్‌గా మారింది. ఒకసారి రానివాడికి 'లాంగ్ టర్మ్' అని ఒక ఏడాది, ఇంటర్ పరీక్షలయ్యాక 'షార్ట్ టర్మ్' అని కొన్ని వారాలు. ఇంగ్లీషు రాని అమ్మమ్మలకి కూడా ఈ రెండు మాటలూ తెలుసు. పిల్లల ఆత్మహత్యల మీద నీరదా రెడ్డి కమిటీని వేసే దాకా వచ్చింది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత జరిగిన మరణాలు మీరు మరిచిపోయి ఉండరు. ఆఖరి నెల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టి మాట్లాడటం నాకు చేతకాదు.

ఆ తర్వాత నీట్ వచ్చింది. 2013లో ఒకసారి పెట్టారు, ఆ జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2016 ఏప్రిల్లో ఆ తీర్పుని వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క ఏడాదికి ఆర్డినెన్సు తెచ్చి రాష్ట్రాలకి సడలింపు ఇచ్చారు. తెలంగాణలో 2016 జులై 9న జరిగిన మెడికల్ ఎంసెట్ ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కిందని రద్దు చేసి, సెప్టెంబరు 11న మళ్ళీ పెట్టారు. ఆ పిల్లలకి ఆఖరి నెల రెండుసార్లు వచ్చిందన్నమాట. 2017 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఎం.బి.బి.ఎస్.కి నీటే దారి. 2020లో కోవిడ్ వల్ల మే 3న జరగాల్సింది సెప్టెంబరు 13కి పోయింది. అప్పటి పిల్లలకి ఆఖరి నెల నాలుగు నెలలు సాగింది.

హైదరాబాదులో మా అక్క మనవరాలు ఒకతి ఇటీవల ఫోన్ చేసింది. పరీక్షకి రెండు నెలలుంది. నమూనా పరీక్షల్లో 720కి 290 దాటడం లేదు. "తాతయ్యా, నువ్వూ ఇలాగే తక్కువ మార్కుల నుంచి పైకి వచ్చావట కదా, ఏం చేశావో చెప్పు" అంది. నేను చేసింది చెబితే ఆ పిల్లకి పనికొస్తుందా అని కాగితం మీద లెక్క వేసి చూశాను.

ఎంసెట్‌లో 40 ప్రశ్నలు బొత్తిగా తెలియక గుడ్డిగా పెట్టినా, నాలుగింట ఒకటి చొప్పున సగటున 10 మార్కులు వచ్చేవి. 200లో అది నూటికి 5. నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. అదే 40 ప్రశ్నలు గుడ్డిగా పెడితే 10 ఒప్పులకి 40 వచ్చి, 30 తప్పులకి 30 పోయి, మిగిలేది 10. అది 720లో. అంటే నూటికి ఒకటిన్నర కూడా కాదు. మా కాలంలో అదృష్టానికి ఉన్న వాటా ఇప్పుడు లేదు. కానీ నాలుగు జవాబుల్లో రెండు తప్పని కచ్చితంగా తెలిసి, మిగిలిన రెండింట్లో ఒకటి పెడితే, 40 ప్రశ్నలకి సగటున 80 వచ్చి 20 పోతాయి, 60 మిగులుతాయి. కాబట్టి సగం తెలిసిన చదువుకి నీట్‌లో విలువ ఉంది, బొత్తిగా తెలియనిదానికి లేదు. మైనస్ మార్కుల భయంతో సగం తెలిసినవి కూడా వదిలేసే పిల్లలు ఆ విలువని పోగొట్టుకుంటున్నారు.

రెండో సంగతి, నలభై ఏళ్ళలో పరీక్ష పేరు మారింది, పుస్తకం అకాడమీ నుంచి ఎన్.సి.ఇ.ఆర్.టి.కి మారింది. కానీ జీవశాస్త్రం సగం అన్నది మారలేదు. అప్పుడు 200లో 100, ఇప్పుడు 720లో 360. తక్కువ మార్కులున్న పిల్లకి ఆఖరి రోజుల్లో త్వరగా కదిలేది ఆ సగమే. భౌతికశాస్త్రంలో కొత్త అధ్యాయం వారంలో లొంగదు. జీవశాస్త్రంలో ఒకసారి చదివి మరిచిపోయింది వారంలో తిరిగి వస్తుంది.

అందుకని ఆ పిల్లకి నాలుగు మాటలు చెప్పాను. చివరి మూడు నమూనా పరీక్షలు తీసి, పోయిన మార్కుల్ని మూడు కుప్పలు పోయి: తెలియనివి, తెలిసీ తప్పు చేసినవి, టైము చాలక చూడనివి. రెండో కుప్పా మూడో కుప్పా నీ చేతిలో పంట, ముందు అది కోసుకో. కొత్త లావుపాటి పుస్తకం ఏదీ తెరవకు. పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. రాత్రి రెండింటిదాకా చదివి మధ్యాహ్నం కునికే అలవాటు చేసుకుంటే సరిగ్గా పరీక్షవేళకే నిద్ర ముంచుకొస్తుంది, కాబట్టి రోజూ ఆ మూడు గంటలే ప్రశ్నలు చెయ్యి. నాలుగోది వాళ్ళమ్మకి చెప్పాను. సీటు రాకపోతే ఏం చేస్తారో పరీక్షకి ముందే కూర్చుని మాట్లాడుకోండి, ఫలితం వచ్చిన రాత్రి కాదు. వ్యవసాయానికీ ఫార్మసీకీ పాత ఎంసెట్ ఈఏపీసెట్ పేరుతో ఇంకా ఉంది. దానికీ దరఖాస్తు పెట్టించాం.

ఇలా చేస్తే 290 కాస్తా 600 అవుతుందా అంటే, రెండు నెలల్లో అవుతుందని నేను నమ్మను. అలా అవుతుందని ఫీజు తీసుకునేవాళ్ళని అసలే నమ్మను. అర్హత మార్కు వేరు, సీటు వచ్చే మార్కు వేరు. అర్హత అన్నది పర్సంటైల్. జనరల్ వాళ్ళకి 50వ పర్సంటైల్ అంటే నూటికి యాభై మార్కులని కాదు, రాసినవాళ్ళలో సగం మంది కంటే పైన ఉండటమని. ఈ తేడా తెలియక, అర్హత వచ్చిందని స్వీట్లు పంచి, కౌన్సెలింగ్‌కి వెళ్ళాక ఏడ్చిన ఇళ్ళు ఉన్నాయి. ప్రభుత్వ కళాశాలలో సీటుకి కావలసింది దానికంటే చాలా పైన ఉంటుంది. ఇంకో ఏడాది చదవాలా వద్దా అన్న ప్రశ్నకి కూడా ఇప్పుడు హద్దు లేదు. 2022లో గరిష్ఠ వయోపరిమితి ఎత్తేశారు. కాబట్టి 'లాంగ్ టర్మ్' ఎక్కడ ఆపాలో ఇక ఇంటివాళ్ళే నిర్ణయించుకోవాలి.

1970లో మొదలైనప్పుడు ఈ పరీక్షని అడిగిన ప్రశ్న ఒక్కటే, ఉన్న కొద్ది సీట్లు ఎవరికివ్వాలి అని. ఇన్నేళ్ళుగా అది ఆ ప్రశ్నకే జవాబు చెబుతోంది. ఈ పిల్ల పనికొస్తుందా రాదా అని దాన్ని ఎవరూ అడగలేదు, అదీ చెప్పలేదు. ఆ రెండో ప్రశ్నని మనం ఇంట్లో కూర్చుని, మార్కుల కాగితం చేతిలో పెట్టుకుని, మనంతట మనమే అడుగుతున్నాం. జవాబు కూడా మనమే రాసేసుకుంటున్నాం.