సాయపడే గుణానికి బహుమతి పెట్టవచ్చా?

మన సంఘం స్వర్ణోత్సవం సందర్భంగా ఒక ప్రతిపాదన వచ్చింది. తోటివారికి బాగా సాయపడే విద్యార్థిని ఏటా ఒకరిని ఎంపిక చేసి నగదు బహుమతి ఇద్దామని. ఉద్దేశం మంచిదే. అయితే పిల్లల్లో ఈ గుణం ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది అన్న విషయం మీద తొంభై ఏళ్లకు పైగా పరిశీలన జరుగుతోంది. ఆ చరిత్ర ఒకసారి చూసుకుని నిర్ణయం తీసుకుంటే బాగుంటుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ఇంజినీరుని, మనస్తత్వ శాస్త్రవేత్తను కాను. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వెయ్యకూడదని మాత్రం నా వృత్తి నాకు నేర్పింది.

స్విట్జర్లాండ్‌కి చెందిన పియాజే 1932లో పిల్లల నీతి భావన మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన గోళీలాడుకునే పిల్లల దగ్గరికి వెళ్లి, ఈ ఆట రూల్సు ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని అడిగాడు. చిన్నపిల్లలు పెద్దవాళ్లు పెట్టారు, మార్చకూడదన్నారు. పదేళ్లు దాటినవాళ్లు అందరూ ఒప్పుకుంటే మార్చొచ్చన్నారు. మరో ప్రశ్న: తలుపు తీస్తుంటే పొరపాటున పదిహేను కప్పులు పగలగొట్టినవాడిది తప్పా, దొంగతనంగా జామ్ తీయబోయి ఒక్క కప్పు పగలగొట్టినవాడిది తప్పా? చిన్నవాళ్లు లెక్క చూశారు, పెద్దవాళ్లు ఉద్దేశం చూశారు. అడిగే తీరు మారిస్తే ఇంకా చిన్నవాళ్లు కూడా ఉద్దేశాన్ని గుర్తిస్తారని తర్వాతివాళ్లు చూపించారు. కానీ పియాజే చెప్పిన అసలు మాట నిలిచింది. పెద్దల నీతిబోధ కంటే, సమానులు కలిసి ఆడి, తగువులాడి, రాజీపడటం వల్లే ఈ తెలివి ఎక్కువగా వస్తుందని ఆయన అన్నాడు. గోవాడలో గోళీలు, కర్రాబిళ్ల ఆడినవారికి ఇది కొత్త కాదు. ఔటో కాదో చెప్పడానికి మనకి అంపైరు లేడు. తేలకపోతే ఆట ఆగిపోతుంది కనుక మనమే తేల్చుకునేవాళ్లం.

తెలుగునాట ఇదే దారిలో నడిచినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి, 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. పిల్లల చేతే పాడించారు, నాటకాలు వేయించారు. వాళ్లు పిల్లలకి మాస్టారు, టీచరమ్మ కాలేదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. ఆ వరసలోనే వాళ్ల పద్ధతి అంతా ఉంది.

1983లో ఆస్ట్రియాలో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు ఇంకో మెట్టు ఎక్కారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్ ఒక బీరువాలో పెట్టి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని వేరే బీరువాలోకి మారుస్తుంది. తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్లవాళ్లు అది ఇప్పుడున్న చోటే చూపిస్తారు. నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య, వాడికి తెలిసింది వేరు, నాకు తెలిసింది వేరు అన్న సంగతి అర్థమవుతుంది.

సాయపడటం అంతకంటే ముందే మొదలవుతుంది. 2006లో వార్నెకెన్, టొమసెల్లో ఏడాదిన్నర పిల్లల ఎదుట పెద్దవాళ్లు వస్తువు జారవిడిచి అందుకోలేనట్టు ఉండేలా చూశారు. 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా సాయపడ్డారు. ఎవరూ అడగలేదు, ఏమీ ఇవ్వలేదు. 2008లో వాళ్లే ఇంకో పరీక్ష చేశారు. సాయపడ్డ ప్రతిసారీ బొమ్మ బహుమతి అందుకున్న పిల్లలు, బహుమతి ఆగిపోయాక తక్కువగా సాయపడ్డారు. మెచ్చుకోలు మాత్రమే దొరికినవాళ్లూ, ఏమీ దొరకనివాళ్లూ తగ్గలేదు. మన ప్రతిపాదన విషయంలో నన్ను ఆపింది ఇదే.

2015లో ఏడు దేశాల్లో, మన దేశంతో సహా, 866 జతల పిల్లలతో జరిగిన అధ్యయనం ప్రచురితమైంది. ఇద్దరు పిల్లల మధ్య మిఠాయిలు పెట్టి, ఒకరి చేతికి రెండు మీటలు ఇచ్చారు. ఒకటి లాగితే పంపకం ఖాయం, రెండోది లాగితే ఇద్దరికీ సున్నా. తనకి తక్కువ వస్తే వద్దనడం అన్ని దేశాల్లోనూ కనిపించింది. తనకే ఎక్కువ వచ్చినా వద్దనడం, అదీ కాస్త పెద్దయ్యాక, అమెరికా, కెనడా, ఉగాండాల్లోనే కనిపించింది. మన పిల్లలు తక్కువవాళ్లని దీని అర్థం కాదు. చేతికొచ్చిన తిండిని పారేయడం తప్పని నేర్పే ఇళ్లు మనవి. కానీ ఎక్కువ వచ్చినవాడు ఏం చెయ్యాలన్నది పుట్టుకతో రాదని, పెరిగిన చోటు నేర్పుతుందని తెలుస్తోంది. ఎలా నేర్పుతుందో 2011 నాటి మరో ప్రయోగం చెబుతుంది. ఇద్దరు మూడేళ్ల పిల్లలు కలిసి తాడు లాగి సంపాదించిన దాన్ని సమానంగా పంచుకున్నారు. ఊరికే దొరికిన దాన్ని అంతగా పంచుకోలేదు.

సహకార చక్కెర కర్మాగారం నీడలో పెరిగిన మనకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కలిసి పండించిన చెరకు, కలిసి పెట్టుకున్న మిల్లు. ఎవరి వాటా ఎంత అన్న మాటలు ఇంట్లో వింటూనే పెరిగాం.

అందుకే నా మనవి. సాయంలో కూడా ఫస్టు ర్యాంకు పెట్టవద్దు. ఒకరికి చెక్కు ఇస్తే, ఎవరికీ కనపడకుండా పక్కవాడికి నోట్సు ఇచ్చిన పిల్లకి ఏం చెప్పినట్టు? అదే డబ్బుతో బడి ఆవరణలో కూరగాయల తోట వేయిద్దాం. ఆరు నుంచి పది దాకా ప్రతి తరగతి నుంచీ పిల్లలు కలిసిన జట్లు ఉండాలి. పండినది మధ్యాహ్న భోజనానికి వెళ్లాలి. నీళ్లు పోసే వంతు ఎవరిదో, రాని వాడిని ఏం చెయ్యాలో వాళ్లే తేల్చుకోవాలి. ఉపాధ్యాయులు ఒక మంచి మాట అంటే చాలు.

సర్వసభ్య సమావేశంలో రెండు ప్రతిపాదనలనూ పక్కపక్కన పెట్టి చర్చించాలని కోరుతున్నాను. రూల్సు అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని గోళీలాటలోనే నేర్చుకున్నాం కదా.