తార్కిక వివేచన పరీక్షల్లో నిర్ధారణ ప్రశ్నలు

కొన్ని ప్రకటనలు ఇచ్చి, వాటి ఆధారంగా ఏ నిర్ధారణ నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చమనే ప్రశ్నలివి. బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లోనూ, యూపీఎస్సీ సీశాట్‌లోనూ, న్యాయవిద్య ప్రవేశానికి జరిపే క్లాట్, అమెరికా ఎల్‌శాట్‌లలోనూ ఇవి తప్పక కనిపిస్తాయి. ప్రశ్నలో ఇచ్చిందే ప్రమాణం. అభ్యర్థికి బయట తెలిసినదాన్ని జోడించకూడదు. ప్రకటనలు నిజమైతే నిర్ధారణ కూడా నిజం కాక తప్పదా అని అడిగేవి ఒక తరహా. ఇచ్చిన ఆధారం ఏ నిర్ధారణను ఎక్కువగా బలపరుస్తుందని అడిగేవి రెండో తరహా. ఈ రెండూ వేర్వేరు కాలాల్లో పుట్టాయి.

మొదటి తరహాకు మూలం క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్. రెండు ప్రకటనల నుంచి మూడోదాన్ని రాబట్టే నియమాలను ఆయన క్రమబద్ధం చేశాడు. ‘అన్నీ’, ‘ఏదీ కాదు’, ‘కొన్ని’, ‘కొన్ని కావు’ అనే నాలుగు రూపాలు నేటి ప్రశ్నపత్రాల్లోనూ అలాగే ఉన్నాయి. ఈ వాక్యాలను వలయాలతో చూపే పద్ధతికి 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ ప్రచారం తెచ్చాడు. 1880లో జాన్ వెన్ వేరే రకం చిత్రాలు ప్రతిపాదించాడు. కోచింగ్ సెంటర్లలో వెన్ పేరుతో గీసేవి చాలావరకు ఆయిలర్ వలయాలే. ‘అన్ని క-లు చ-లే’ అంటే ‘కొన్ని క-లు చ-లు’ అని కూడా ఒప్పుకోవాలా? అరిస్టాటిల్ ఒప్పుకున్నాడు. అసలు క అనేదే లేకపోవచ్చు కాబట్టి ఆధునిక తర్కం ఒప్పుకోదు. మన బ్యాంకు పరీక్షలు అరిస్టాటిల్ పక్షానే ఉన్నాయి.

భారతీయ తర్కశాస్త్రం ఈ ప్రశ్నపత్రాలకు నేరుగా మూలం కాకపోయినా, వీటిలో జరిగే పొరపాట్లను ఎంతో ముందే విడదీసి చూపింది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని వేంగి సమీపంలోని కొండ మీద రచించాడని చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ రాశాడు. ఆంధ్రుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ ఈనాటికీ తర్కానికి తొలి పాఠ్యగ్రంథం. పొగ ఉంది కాబట్టి కొండ మీద నిప్పు ఉందనడం సరైన అనుమానం, అంటే సరైన నిర్ధారణ. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందనడం చెల్లదు. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. ఆ తడి కట్టెనే అన్నంభట్టు ‘ఉపాధి’ (అదనపు షరతు) అన్నాడు. ‘అన్ని క-లు చ-లే’ అన్న ప్రకటన చూసి ‘అన్ని చ-లు క-లే’ అని గుర్తుపెట్టే అభ్యర్థి పడేది ఈ దోషంలోనే.

రెండో తరహా 20వ శతాబ్దపు అమెరికాలో రూపుదిద్దుకుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన గుడ్విన్ వాట్సన్ 1925లో నిష్పాక్షికతను కొలిచే పరీక్ష ఒకటి తయారుచేశాడు. ఎడ్వర్డ్ గ్లేసర్ విమర్శనాత్మక ఆలోచనపై తన పరిశోధనను 1941లో ప్రచురించాడు. ఇద్దరి పేరుతో వచ్చిన పరీక్షలో ఒక పేరా ఇచ్చి, దాని కింది ప్రతి నిర్ధారణకూ ఐదింటిలో ఒక జవాబు ఎంచుకోమంటారు: నిజం, బహుశా నిజం, సమాచారం చాలదు, బహుశా అబద్ధం, అబద్ధం. మన బ్యాంకు పరీక్షల్లో ‘దత్తాంశం చాలదు’ అనే ఎంపికతో వచ్చిన ప్రశ్నలు ఈ అచ్చులోనివే. ఈ చరిత్ర మొత్తంలో అత్యంత విలువైనది ఆ నడిమి ఎంపికే. తెలియనిదాన్ని తెలియదని గుర్తించినందుకు మార్కులిచ్చే పరీక్షలు అరుదు.

ఆ గుర్తింపు ఎంత కష్టమో మనస్తత్వవేత్తలు కొలిచి చూశారు. ప్రకటనల్లో ‘కొన్ని’ ఉంటే జనం నిర్ధారణలోనూ ‘కొన్ని’ ఉన్నదాని వైపు మొగ్గుతారని 1935లో వుడ్‌వర్త్, సెల్స్ చెప్పారు. నమ్మదగ్గ నిర్ధారణను, తర్కానికి నిలవకపోయినా, ఎక్కువమంది అంగీకరిస్తారని 1983లో జొనాథన్ ఎవాన్స్ బృందం చూపింది. ఉదాహరణకు: ‘బోర్లు ఎండిన రైతులందరూ వరి మానేశారు. వరి మానేసినవాళ్లలో కొందరు మొక్కజొన్న వేశారు.’ బోరు ఎండినవాళ్లలో కొందరు మొక్కజొన్న వేశారనడం సహజంగా తోస్తుంది. కానీ మొక్కజొన్న వేసినవాళ్లంతా బోర్లలో నీళ్లుండీ, వేరే కారణంతో వరి మానేసినవాళ్లే కావచ్చు. కాబట్టి ఆ నిర్ధారణ నిలవదు.

భారతదేశంలో బ్యాంకు నియామకాలతో ఈ ప్రశ్నలు ఊరూరికీ చేరాయి. 1975లో మొదలైన బ్యాంకు సిబ్బంది ఎంపిక సేవల విభాగం 1984లో ఐబీపీఎస్‌గా స్వతంత్ర సంస్థ అయింది. 2011లో ప్రభుత్వరంగ బ్యాంకులకు ఉమ్మడి రాతపరీక్ష తెచ్చింది. అదే ఏడాది సివిల్స్ ప్రిలిమ్స్‌లో సీశాట్ ప్రవేశించింది; 2015 నుంచి అందులో 33 శాతం మార్కులతో అర్హత పొందితే చాలు. సూత్రాలు బట్టీపట్టి జవాబు గుర్తించే అలవాటు పెరగడంతో బ్యాంకు పరీక్షల్లో ‘అవకాశం ఉంది’, ‘కొన్ని మాత్రమే’ వంటి మెలికలు చేరాయి. ఇవి వేగాన్ని పరీక్షించినంతగా వివేచనను పరీక్షించవు. 2020 నుంచి పేరాల ఆధారంగా ప్రశ్నలిస్తున్న క్లాట్ ఈ విషయంలో మేలు.

ఇలాంటి మార్పే అమెరికాలోని ఎల్‌శాట్‌లోనూ వచ్చింది. ఆ పరీక్ష మొదటిసారి 1948లో జరిగింది. పట్టికలు, బొమ్మలు గీసుకుని సాధించే ‘లాజిక్ గేమ్స్’ దానిలో దశాబ్దాలపాటు ఒక విభాగంగా ఉండేవి. చూపులేని అభ్యర్థికి ఇది అన్యాయమంటూ వేసిన దావా 2019లో రాజీతో ముగిసింది. 2024 ఆగస్టు నుంచి ఆ విభాగం పోయింది. ఇప్పుడు స్కోరుకు లెక్కలోకి వచ్చే మూడు విభాగాల్లో రెండు తార్కిక వివేచనవే.