చక్కెర లేని తీపి: బందరు లడ్డు నుంచి దివిసీమ తేగ దాకా

ఈ మధ్య బందరు నుంచి హైదరాబాదుకీ బెంగుళూరుకీ తిరిగొచ్చే బ్యాగుల్లో ఒక కొత్తరకం డబ్బా కనిపిస్తోంది. లోపల ఉండేది పాత బందరు లడ్డే. డబ్బా మీద మాత్రం "పంచదార వాడలేదు, అచ్చమైన బెల్లంతో చేసినది" అని రాసి ఉంటుంది. షుగరున్న మావయ్యలూ బాబాయిలూ ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకుని ధైర్యంగా రెండు లాగించేస్తారు. బందరు లడ్డుని మనవాళ్ళు మొదట్నుంచీ బెల్లంతోనే చేస్తున్నారు. కాబట్టి అందులో కొత్తగా వచ్చింది లేబులొక్కటే.

చక్కెర వెయ్యకుండా తృప్తిగా తినే తీపి చెయ్యొచ్చా అన్న ప్రశ్నకి జవాబు కోసం విదేశీ పొడుల దాకా పోనక్కర్లేదని నా అభిప్రాయం. బందరు, గుడివాడ, దివిసీమల మధ్య తిరిగితే చాలు. అయితే ఆ జవాబు బెల్లం మాత్రం కాదు. ఆ సంగతి ముందు తేల్చేద్దాం.

"చక్కెర" అన్న మాట సంస్కృతంలోని "శర్కర" నుంచి వచ్చింది. శర్కర అంటే ఇసుక, గులకరాయి అనే అర్థం కూడా ఉంది. అదే మాట పారశీకం, అరబ్బీ మీదుగా యూరప్ వెళ్ళి ఇంగ్లీషులో "షుగర్" అయింది. మలబారు తీరంలో పోర్చుగీసువాళ్ళ నోట పడి, బెల్లానికి ఇంగ్లీషువాళ్ళు వాడే "జాగరీ" కూడా అయింది. అంటే షుగరూ జాగరీ ఒక తల్లి బిడ్డలే. ఒంట్లోకి వెళ్ళాక కూడా అంతే. బెల్లంలో ముప్పాతిక వంతు పైమాటే చక్కెర, మిగతాది కాస్త తేమ, కాసిని లవణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం మనం తినే మొత్తం కేలరీల్లో విడి చక్కెరల వాటా 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకి 2000 కేలరీలు తినేవాళ్ళకి ఆ 5 శాతం అంటే 25 గ్రాములు, సుమారు ఆరు చెంచాలు. ఆ లెక్కలో పంచదారతో పాటు తేనె, పాకాలు, పళ్ళరసం కూడా ఉన్నాయి. బెల్లానికి ప్రత్యేకంగా మినహాయింపేమీ లేదు.

సరే, ఇంక లడ్డు దగ్గరికొద్దాం. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి బందరులో స్థిరపడిన బొందిలీల కుటుంబాలు ఈ లడ్డుని తెచ్చాయని ఊళ్ళో చెప్పుకుంటారు. 1605 తర్వాత డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు దిగిన రేవు అది. అలాంటి ఊరికి ఎక్కడెక్కడి వంటలో రావడంలో వింత లేదు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

చేసే పద్ధతి చూడండి. శనగపిండిని పూసలా ఒత్తి వేయిస్తారు. దాన్ని రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలుపుతారు. తర్వాత నెయ్యి పోస్తూ మళ్ళీ రోకళ్ళతో దంచుతారు. తొక్కుడు లడ్డు అనే పేరు అందుకే. నోట్లో పెట్టగానే కరిగిపోయే ఆ నునుపు దంచినందువల్ల వచ్చింది. వాసనేమో వేగిన పప్పుదీ నేతిదీ. ఆ లడ్డు మనకి నచ్చడానికి ఉన్న కారణాల్లో బెల్లం ఒకటి మాత్రమే. తీపి వంటకాన్ని తృప్తిగా చేసేది వేపుడు, కొవ్వు, వాసన, నమలడం, దంచడం కూడా. పంచదార ఇంత చవగ్గా దొరికేటప్పటికి మనం ఈ సంగతి మర్చిపోయాం.

నిజంగా ఏమీ కలపని తీపి కావాలంటే మాత్రం బందరు నుంచి కిందికి, దివిసీమలోకి వెళ్ళాలి. మా అమ్మమ్మ వాళ్ళది అవనిగడ్డ వైపు. అక్కడ ఏడాది పొడుగునా తీపిని సరఫరా చేసేది ఒకటే చెట్టు: తాడి.

ఎండాకాలంలో ముంజలు. లేత ముంజని బొటనవేలితో పొడిచి తాగినవాళ్ళకి నేను చెప్పేదేం లేదు. శ్రావణ భాద్రపదాల్లో అవే కాయలు పండి దబ్బున రాలతాయి. తాటిపండుని నిప్పుల మీద కాల్చి, పీచు చీకుతూ తింటారు. అదీ కాకపోతే పేసం తీసి, బియ్యపు రవ్వ, కొబ్బరి కోరు, చిటికెడు ఉప్పు కలిపి మూకుట్లో తాటిరొట్టె కాలుస్తారు. కింద నిప్పులు, మూత మీద నిప్పులు. కొంతమంది బెల్లం కూడా వేస్తారు గానీ, పండు మంచిదైతే అవసరమే లేదు. పండు మంచిదో కాదో ముందే రుచి చూసి తెలుసుకోవాలి, ఎందుకంటే కొన్ని పళ్ళ పేసంలో సహజంగానే చేదు ఉంటుంది. అడుగున మాడీ మాడనట్టు అట్టకట్టిన ఆ ముక్క కోసం మేం పిల్లలం కొట్టుకునేవాళ్ళం.

పండు తినేశాక టెంకలు పారెయ్యరు. గుల్ల మట్టిలో పాతర వేస్తారు. మూడు నాలుగు నెలలకి మొలకలు నేల్లోకి దిగుతాయి. సంక్రాంతి ముందు తవ్వి తీస్తే అవే తేగలు. కుండలో పెట్టి కాల్చి, కట్టలు కట్టి అమ్ముతారు. తేగని చీల్చితే మధ్యలో లేత ఆకు మొగ్గ ఉంటుంది. దాని పేరు చందమామ. టెంకని కత్తితో పగలగొడితే లోపల తెల్లగా, స్పాంజిలా ఉండేది బుర్రగుంజు.

ఈ బుర్రగుంజు ఎందుకు తియ్యగా ఉంటుందో తెలిశాక నాకు మన పాత తీపి మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. తాటి టెంకలో గింజ తన బిడ్డ కోసం దాచుకున్న ఆహారం రాయిలా గట్టిది. మొలకెత్తేటప్పుడు ఆ నిల్వని కొంచెం కొంచెంగా కరిగించి, చక్కెరగా మార్చి పీల్చుకునే భాగమే బుర్రగుంజు. ముదురు కొబ్బరికాయలో వచ్చే కొబ్బరి పువ్వు కూడా ఇదే. రాగులు మొలకెత్తించి మాల్ట్ చేస్తే వచ్చే తీపి వెనకా దాదాపు ఇలాంటి పనే జరుగుతుంది. అంటే అక్కడ తీపిని ఎవరూ బయటనుంచి తెచ్చి వెయ్యలేదు. టైమిచ్చారు, అదే తయారైంది.

పాల సంగతీ అంతే. గుడివాడ వైపు పాత ఇళ్ళల్లో దాలి ఉండేది. గుంటలో పిడకల నిప్పు, దాని మీద పాలకుండ. పొద్దున పెడితే సాయంత్రం దాకా సన్నసెగ మీద కాగుతూనే ఉండేవి. పాలు ఎర్రబడి, పైన రొట్టెలా మీగడ కట్టేది. పాలల్లో సహజంగా ఉండే తీపి నీళ్ళు తగ్గేకొద్దీ చిక్కబడి, సెగకి రంగూ వాసనా మారి, పంచదార వెయ్యని కోవాలాంటి రుచి వచ్చేది. ఇక పండు విషయానికొస్తే, మన అరటిపండు పేరే చక్కెరకేళి. చక్కెర లేకుండా పండిన పండుకి చక్కెర పేరు పెట్టుకుని మురిసిపోయిన జాతి మనది :)

మరి ఈ పద్ధతి ఎప్పుడు మారింది? బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలవలొచ్చాయి, డెల్టా అంతా వరి అయింది, కృష్ణ ఒడ్డునా ఉయ్యూరు చుట్టుపక్కలా చెరుకూ పెరిగింది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం దిగుమతి చక్కెర మీద సుంకంతో దేశంలోని మిల్లులకి రక్షణ ఇచ్చే చట్టం తెచ్చింది. దాంతో దేశమంతా చక్కెర మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఐసీఎస్ అధికారిగా పనిచేసిన వెలగపూడి రామకృష్ణ 1941లో పెట్టిన కేసీపీ సంస్థ ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీతోనే మొదలైంది. దివిసీమ అంచున లక్ష్మీపురంలో చల్లపల్లి షుగర్స్ వచ్చింది. ఫ్యాక్టరీ నడవడం మొదలెట్టకముందు కట్టిన వడ్డీని యంత్రాల ఖరీదులో కలుపుకోవచ్చా లేదా అని ఈ కంపెనీకీ ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళకీ పడిన తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1970ల్లో కంపెనీ గెలిచింది. సీఏ చదివేవాళ్ళకి ఈ పేరు బాగా తెలుసు.

అయినా చాలాకాలం పంచదార విచ్చలవిడిగా దొరికింది లేదు. రేషను కార్డుకి ఇంత అని లెవీ పంచదార ఇచ్చేవారు. ఆ లెవీ పద్ధతి 2013 దాకా ఉంది. కార్డు పంచదార పండక్కి దాచుకున్న తరం మన అమ్మానాన్నలది. వాళ్ళకి పంచదార మర్యాద. చుట్టం కాఫీలో రెండు చెంచాలు ఎక్కువ వెయ్యడం ప్రేమ. ఆ అలవాటు అలాగే ఉండిపోయింది, కానీ సరుకు మీద పరిమితి పోయింది. మన భాషలో చెప్పాలంటే, పరిమితులున్న సిస్టమ్ కోసం రాసిన కోడ్‌ని పరిమితుల్లేని సర్వర్ మీద నడుపుతున్నాం. ఫలితం తెలిసిందే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్ళు సుమారు 10.1 కోట్ల మంది. మా ఇంట్లో నాన్న వాళ్ళల్లో ఒకరు. ఇప్పుడు మావైపు "షుగర్" అంటే ముందు జబ్బు పేరు, తర్వాతే పంచదార పేరు.

దీనికి మన తరం కనిపెట్టుకున్న షార్ట్‌కట్ బదులు పొడులు. 1879లో అమెరికాలో శాకరిన్ దొరికింది. సుక్రలోజ్ కథ ఇంకా బావుంటుంది. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నిస్ అనే పరిశోధక విద్యార్థిని క్లోరిన్ కలిపిన ఒక చక్కెర పదార్థాన్ని "టెస్ట్" చెయ్యమన్నారు. ఆయన "టేస్ట్" అని విని నాలిక మీద వేసుకున్నాడు. పంచదారకి 600 రెట్ల తీపి! రిక్వైర్‌మెంట్ తప్పుగా వినడం వల్ల హిట్టయిన ప్రోడక్ట్ నాకు తెలిసి ఇదొక్కటే. అయితే బరువు తగ్గడానికి ఇలాంటి పొడుల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది (ముందే డయాబెటిస్ ఉన్నవాళ్ళకి ఆ సిఫార్సు వర్తించదని కూడా చెప్పింది, అది వాళ్ళూ వాళ్ళ డాక్టరూ తేల్చుకోవాలి). నా అభ్యంతరం వేరు. ఈ పొడులు చక్కెరకి బదులు తీపినిస్తాయి. చక్కెర మింగేసిన మిగతా రుచుల్ని మాత్రం వెనక్కి తేవు. వాసన లేదు, నమలడం లేదు, ఎదురుచూపు లేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. "ఆ రోజులే వేరు" అని పాడుకోవడం తేలికే, కానీ ఆ టైమ్ ఎవరిది? దాలి దగ్గర కళ్ళు మంటెత్తేలా కూర్చున్నదీ, రోకలి పోటు వేసిందీ, పేసం తీసి చేతులు పసుపుపచ్చ చేసుకున్నదీ ఆడవాళ్ళు. ప్రాణాలకి తెగించి తాడెక్కినవాడు గీత కార్మికుడు. మిల్లు పంచదార వచ్చాక మా అమ్మమ్మ పది నిమిషాల్లో పరవాన్నం తియ్యబరిచి, కాసేపు నడుం వాల్చగలిగింది. అందుకే పంచదారని రాక్షసిలా చూడటం నాకు ఇష్టం ఉండదు. అది ఆవిడకి కాస్త విశ్రాంతినిచ్చింది. పాతకాలం తీపి కావాలనుకునే మగవాళ్ళు ముందు రోకలి పట్టుకోవాలి. కనీసం మిక్సీ స్విచ్చయినా నొక్కాలి.

రెండో చిక్కు చెట్టుది. తాడిని ఎవరూ తన కోసం నాటుకోరు. కాపుకి రావడానికే పదిహేనేళ్ళ దాకా పడుతుంది. వచ్చాక పోతుతాడి అయితే కాయదు. పొలంగట్ల మీద ఉన్నవి తాతలవి. గుడివాడ నుంచి కైకలూరు వైపు చేపల చెరువులు, దివిసీమ కింద రొయ్యల చెరువులు వచ్చాక ఆ పాత గట్లలో ఎన్నో పోయాయి, వాటితో తాళ్ళూ పోయాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళని అడగండి, చెట్టు విలువ వాళ్ళు చెబుతారు. తేగల కట్ట ఖరీదు చూసి "మట్టిలో దొరికేదానికి ఇంతా?" అని బేరమాడే మనం, నాలుగు రెట్లు పెట్టి ప్రోటీన్ బార్ కొంటాం.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామంటే: శనగపిండిని సన్నసెగ మీద నేతిలో కమ్మగా వేయించి, గింజ తీసిన ఖర్జూరంతో కలిపి దంచి, చిన్న ఉసిరికాయంత ఉండలు చేస్తాం. ఆదివారం మధ్యాహ్నం చిక్కటి పాలు గంటన్నర కాచి, అందులో ఏలకుల పొడి వేసి, చల్లారాక చక్కెరకేళి ముక్కలు కలుపుతాం. గరిట తిప్పడం నా డ్యూటీ. ఖర్జూరంలోనూ అరటిపండులోనూ చక్కెర ఉంది, అందుకే నాన్న వాటా ఒక ఉండ, లేదా నాలుగు చెంచాలు. "ఇంకోటి" అని ఆయన అడగకపోవడం మొదట్లో నాకు ఆశ్చర్యంగా ఉండేది. నమలడానికి ఉంది, వాసనుంది, నెయ్యుంది. ఒకటితో సరిపోతోంది. డబ్బా లడ్డు రోజుల్లో రెండు తిన్నా ఆగేవారు కాదు.

ఈసారి సంక్రాంతికి బందరు వెళితే లడ్డు కొనుక్కోండి, అది మన ఊరి చరిత్ర. బెల్లం కదా అని రెండోది మాత్రం వద్దు. ఆ పక్కనే గోనెపట్టా మీద తేగలు పెట్టుకుని కూర్చున్న ఆవిడ కనిపిస్తే బేరమాడకుండా రెండు కట్టలు తీసుకోండి. పిల్లలకి చందమామ ఎక్కడుంటుందో చూపించండి.