శ్రమదానం నుంచి రైతు ఇంటి దాకా

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది ఎడ్లపాడు. అదే మండలంలో కొండవీడు కోట, వంకాయలపాడు సుగంధ ద్రవ్యాల పార్కు, వాటి చుట్టూ మిరప, పత్తి చేలు. చరిత్ర, సేద్యం, వ్యాపారం ఒక్కచోట నేర్చుకోదగ్గ ఊళ్లివి. అయితే విశ్వవిద్యాలయం ఊరి గడప తొక్కడానికి మన దేశంలో రెండు దశాబ్దాల చర్చ నడిచింది.

విద్యార్థులు స్వచ్ఛందంగా సేవ చేయాలన్న సూచన స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోనే రాధాకృష్ణన్ కమిషన్ నుంచి వచ్చింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ దాన్ని నిర్బంధం చేయమంది. పరాయి దేశాల అనుభవాలు చూసి వచ్చిన విద్యావేత్త సైయదైన్ స్వచ్ఛందమే మేలన్నారు. చివరికి గాంధీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. నిర్బంధం లేకపోవడమే మంచిదైంది. మొక్కుబడి సేవను ఊరు ఇట్టే పసిగడుతుంది.

ఈ పథకం తొలినాళ్ల శిబిరమంటే శ్రమదానమే. బడిలో బస, పగలు రోడ్లకు మట్టి పోయడం, కాలవల్లో పూడిక తీయడం, రాత్రి నాటికలు, పాటలు. మన ప్రాంతంలో 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడింది. మరుసటి ఏడు నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. అక్కడికి వెళ్లిన విద్యార్థులకు ఎదురైంది మట్టిపని కాదు, మనుషుల చావు. శవాలను తీసి అంత్యక్రియలు చేయడంలో వాళ్లూ చేతులు కలిపారు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం ఇంకో మలుపు. పలక పట్టిన దూబగుంట ఆడవాళ్లు అక్షరాలతో ఆగక సారా దుకాణాలు మూయించారు. నేర్పడానికి వెళ్లిన వాళ్లు అనుకున్నదానికంటే ఊరు ఎంతో ముందుకు పోయింది.

నా దృష్టిలో వీటన్నిటికంటే లోతైనది వ్యవసాయ విద్యార్థుల రావెప్, అంటే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం. గుంటూరు దగ్గరి లాంలో కేంద్ర కార్యాలయం ఉన్న ఎన్జీ రంగా విశ్వవిద్యాలయం తన చివరి ఏడాది విద్యార్థులను ఊళ్లకు పంపుతుంది. ఒక్కొక్కరినీ ఒక రైతుకు జతచేస్తారు. వీధిలో రంగుల ముగ్గులతో ఊరి పటం వేస్తారు. చెరువు ఎక్కడ, బోర్లు ఎక్కడ, ఎవరి పొలం ఏ నేల అన్నది ఊరివాళ్లే చెబుతారు, దిద్దుతారు. విత్తన శుద్ధి, తెగుళ్ల గురించి విద్యార్థి చెబితే, కూలి రేటు, కౌలు, మిరప ధర పడిపోయిన ఏడు తిన్న దెబ్బ గురించి రైతు చెబుతాడు. ఈ రెండో పాఠం ఏ తరగతిలోనూ దొరకదు. సేవా పథకం వారి ఏడు రోజుల శిబిరంలో అంత మాట కలవదు.

చుట్టుపక్కల కళాశాలల వారికి నా విన్నపం ఒక్కటే: ఎడ్లపాడు లాంటి ఊరికి శిబిరం తెచ్చే ముందు, ఏం పని చేయాలో గ్రామసభలో అడగండి. మరుసటి ఏడూ అదే ఊరికి రండి.