పొట్ట మీద తెల్లని బొట్లు

విజయవాడ, సూర్యారావుపేట. మే నెల ఎండలోంచి వచ్చి చర్మవ్యాధుల క్లినిక్‌లో కూర్చున్నారు మీరు. ఒళ్లో నాలుగేళ్ల పాప. దాని పొట్ట మీద ముత్యపు రంగు బుడిపెలు, ఒక్కోదాని నడుమ సూదిమొనంత గుంట. మొలస్కం అన్నారు డాక్టరుగారు, గీకి తీసేయాలట.

సిస్టర్ ముందు పాపను తూకం మీద నిలబెడుతుంది. 14 కిలోలు. ఆ అంకె చీటీ మీద పడ్డాకే ట్యూబు మూత తీస్తుంది. లిడోకెయిన్ 2.5 శాతం, ప్రిలోకెయిన్ 2.5 శాతం ఉన్న మత్తు క్రీము. ఒక్కో బుడిపె మీద తెల్లగా, మందంగా ఒక బొట్టు పెడుతుంది. రుద్దదు. పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టర్ అంటించి, అంచులు వేలితో నొక్కుతుంది.

"పొట్టంతా పూసెయ్యి అమ్మాయ్, పిల్లకి నొప్పుండదు" అంటారు మీ అత్తగారు.

"అంతా పూస్తే చర్మం దగ్గర ఆగదు మామ్మగారూ, రక్తంలోకి పోద్ది."

ఈ వయసులో, బరువు పది కిలోలు దాటిన పిల్లలకు 10 గ్రాములు మించకూడదు. పూత వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు, అంటే పదికి పది చదరం. అంతే. పెద్దవాళ్లకైనా హద్దు దాటితే ప్రమాదమే. అమెరికాలో లేజర్‌తో రోమాలు తీయించుకోబోయిన ఇద్దరు యువతులు ఘాటైన మత్తు క్రీము కాళ్లకు దట్టించి, చెప్పినట్టే ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్నారు. ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్లి చనిపోయారు. 2007లో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. అందం కోసం వాడే క్రీమే కదా అనుకుంటాం గానీ, ఇది మందు.

పాప మోచేతి మడత గోక్కుంటోంది. సిస్టర్ ఆ చేయి పట్టుకుని చూస్తుంది. పొడిబారి, గరుకుగా ఉంది.

"గజ్జి కాదండీ, ఎగ్జిమా. చిన్నప్పట్నుంచీ ఉంది" అంటారు మీరు.

సిస్టర్ లోపలికెళ్లి అడిగొస్తుంది. మామూలుగా గంట ఉంచాలి, ఈ పాపకు అరగంట చాలట. ఎగ్జిమా చర్మం మందును త్వరగా పీల్చేస్తుంది.

పాప వేళ్లు ప్లాస్టర్ మీదికి పోతున్నాయి. మీరు పట్టుకోండి. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే కన్నూ మొద్దుబారుతుంది, నలక పడ్డా తెలియదు. పెదాలు కూడా గమనించమంది సిస్టర్. ప్రిలోకెయిన్ మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ సరిగా మోయలేదు, పెదాలు నీలంగా, బూడిద రంగుగా మారతాయి. అలా కనిపిస్తే వెంటనే పిలవాలి.

అరగంటకు ప్లాస్టర్ ఊడదీసి, క్రీము శుభ్రంగా తుడిచేస్తుంది. కింద చర్మం పాలిపోయి ఉంది. డాక్టరుగారు మొదటి బుడిపెను క్యూరెట్‌తో లేపితే పాప తలెత్తి చూసి మళ్లీ మీ ఫోన్‌లో బొమ్మల్లో పడిపోతుంది.

"ఇంకాసేపు అక్కడ గోకనివ్వకండి, వేడినీళ్లు పోయకండి. కాలినా దానికి తెలీదు."

"ఆ మిగిలిన క్రీము ఇటిస్తావా అమ్మాయ్, నా మోకాళ్లకి?"

"దీంతో మోకాళ్లనొప్పి పోదు మామ్మగారూ" అంటూ సిస్టర్ ట్యూబు సొరుగులో పడేసి తాళం వేస్తుంది.