బెజవాడ జంక్షన్‌లో వైట్‌నర్ గుడ్డ

హౌరా, మద్రాసు, సికింద్రాబాదు రైలు దారులు కలిసే విజయవాడ జంక్షన్, తాగి కొట్టే తండ్రికో బడిలో పడిన అవమానానికో వెరచి ఇల్లు విడిచిన పిల్లలకు చిరకాలంగా మజిలీగా ఉంటూ వచ్చింది. రైలు పెట్టెలు ఊడ్చి, ఖాళీ సీసాలు ఏరుకుని పొట్ట పోసుకునే ఈ పిల్లల కోసమే సలేషియన్ సభకు చెందిన క్రైస్తవ గురువులు 1989లో నవజీవన్ బాలభవన్‌ను నెలకొల్పారు.

అలాంటి తండ్రులు తాగే సారాపై 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన ఉద్యమం 1993లో దాన్ని నిషేధింపజేయగా, 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. కాగితం మీది తప్పు దిద్దేదీ, ఈ పిల్లలు గుడ్డలో పోసి పీల్చేదీ అయిన వైట్‌నర్ మాత్రం ఆ చట్టాలేవీ తాకని సరుకు. అందులోని టోలుయీన్ వంటి ద్రావకం, అంటే రంగులను కరిగించి ఇట్టే ఆవిరయ్యే ద్రవం, పిడికిట్లో ఇమిడే గుడ్డపీలిక నుంచి ఊపిరితిత్తుల ద్వారా క్షణాల్లో మెదడుకు చేరి, ఆకలినీ చలినీ రాత్రి భయాన్నీ కాసేపు మరిపిస్తుంది. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం పీల్చే మత్తు పదార్థాల వాడకం పెద్దల్లో 0.58 శాతం కాగా, 10-17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం, పిల్లలు పెద్దలను మించిన మత్తు ఇదొక్కటే.

మత్తు మాన్పించడం ఒకచోట, మనోవ్యాధికి వైద్యం మరొకచోట అన్న ఏర్పాటు మన దేశంలో చాలాకాలం సాగింది. ఇది పిల్లలకు తీరని నష్టం చేసిందని చెప్పక తప్పదు. గుడ్డ లాగేసుకున్న నాలుగో రోజున నిద్రలో ఉలిక్కిపడి లేచే బాలుడిలో కనిపించేది మత్తు దిగే బాధ కావచ్చు, ఇంట్లో తిన్న దెబ్బల తాలూకు భయమూ కావచ్చు, ద్రావకమే తెచ్చిన కుంగుబాటూ కావచ్చు. మత్తు వ్యసనమూ మనోవ్యాధీ ఒకే మనిషిలో పెనవేసుకున్న ఈ స్థితిని వైద్యులు డ్యుయల్ డయాగ్నోసిస్ అంటారు. ఏది ముందో తేలడానికి వారాల తరబడి కనిపెట్టి చూడాలి, పిల్లవాడు నోరు విప్పేదాకా ఓపిక పట్టాలి.

మత్తు, మద్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ రెండు వైద్యాల నడుమ ఉన్న గోడను కాగితం మీద కూల్చింది. మైనర్లను పెద్దల నుంచి వేరుగా ఉంచాలనీ, ఆసుపత్రిలో ఉన్నంతకాలం సంరక్షకులో వారు నియమించిన మనిషో తోడుండాలనీ అదే చట్టం విధించింది. ఇల్లు వదిలి బెజవాడ చేరిన పిల్లవాడికి లేనిది ఆ తోడే. ఆశ్రయమిచ్చిన గృహపు కార్యకర్తే ఆసుపత్రి మంచం పక్కన రాత్రంతా కూర్చుంటే, గృహంలో నిద్రపోతున్న మిగతా పిల్లల దగ్గర ఒక మనిషి తక్కువవుతారు.